ఆసుపత్రి రోబోకు మాటలు రాసిన నా అనుభవం

గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఓపీ హాల్లో రోగులకు దారి చెప్పే రోబోను పెట్టాలనుకున్నప్పుడు, దానికి తెలుగు మాటలు రాసిపెట్టే పని నాకు వచ్చింది. నేను చదివింది భాషాశాస్త్రం. యంత్రాన్ని నడిపే బాధ్యత ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థుల బృందానిది. టోకెన్ ఎక్కడ తీసుకోవాలి, రక్తపరీక్షకు ఏ గదికి వెళ్ళాలి, స్కానింగ్ రిపోర్టు ఎప్పుడిస్తారు, ఆరోగ్యశ్రీ కౌంటర్ ఎటువైపు ఉంది వంటి ప్రశ్నలకు జవాబులు రాసివ్వమని వాళ్ళు నన్ను అడిగారు. జవాబులు రాయడం త్వరగానే అయిపోయింది. అయితే జనం ఆ యంత్రంతో ఎలా మాట్లాడతారో వినకుండా, దాని చేత ఎలా మాట్లాడించాలో తేల్చడం సాధ్యం కాదని నాకు అనిపించింది. అందుకని హాలు పక్కనున్న చిన్న గదిలో కూర్చుని వినడానికి అనుమతి తీసుకున్నాను. అక్కడ విన్నదంతా రోబోల గురించీ మనుషుల గురించీ నా అభిప్రాయాలను చాలావరకు మార్చింది.

రోబో దాదాపు పదేళ్ళ పిల్లవాడి ఎత్తు ఉంటుంది. కాళ్ళ స్థానంలో చక్రాలు, గుండ్రటి తల, కళ్ళు ఉండవలసిన చోట రెండు నీలి దీపాలు, ఛాతీ మీద ఒక తెర. మనిషి ముఖాన్ని పోలిన ముఖం పెట్టకూడదని బృందం ముందే నిర్ణయించుకుంది. మనిషి పోలిక పెరిగేకొద్దీ యంత్రం మనకు దగ్గరవుతూ వచ్చి, ఇక మనిషే అనిపించబోయే దశలో ఒక్కసారిగా జుగుప్స పుట్టిస్తుందని జపాన్ ఇంజనీరు మసహిరో మోరి 1970లో ఒక వ్యాసంలో రాశారు. రోగంతోనూ భయంతోనూ వచ్చే చోట అటువంటి ముఖం వద్దన్న వాళ్ళ ఆలోచన నాకు సబబుగా తోచింది.

హాల్లో రొద ఎక్కువ. వినుకొండ వైపు నుంచి వచ్చిన రైతు పలుకు ఒక తీరుగా ఉంటే, రేపల్లె నుంచి వచ్చిన ఆవిడ పలుకు మరో తీరుగా ఉంటుంది. టోకెన్ నంబర్లు చదివే మైకు మోగుతూ, పిల్లలు ఏడుస్తూ ఉండే ఆ చోట తెలుగు మాటను యంత్రం తనంతట తాను గుర్తుపట్టడం మొదటి దశలో నమ్మదగినట్టు లేదు. కాబట్టి రోబో మైకులో పడిన మాట నాకు హెడ్‌ఫోన్‌లో వినిపించేది. సిద్ధంగా ఉన్న వాక్యాల్లోంచి నేను ఒకదాన్ని ఎంచి నొక్కితే రోబో దాన్ని పలికేది. పరిశోధకులు దీన్ని విజర్డ్ ఆఫ్ ఓజ్ పద్ధతి అంటారు. సాధారణంగా ఇటువంటి ప్రయోగాల్లో వెనుక మనిషి ఉన్న సంగతిని దాచి, అంతా ముగిసిన తరువాత చెబుతారు. ఆసుపత్రిలో అది తగదని నేను పట్టుబట్టాను. "ఈ యంత్రం వెనుక మా మనిషి ఒకరు మీ మాట వింటున్నారు, ఇష్టం లేకపోతే కౌంటర్‌లో అడగండి" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాం. చదవలేని వారికి సెక్యూరిటీ గార్డు గారు నోటితో చెప్పేవారు. మాటలను రికార్డు చేయలేదు. ఎవరు ఏ పిలుపుతో మొదలుపెట్టారు, ఏ క్రియారూపం వాడారు, ఎంతసేపు నిలబడ్డారు అన్నవి మాత్రం పేర్లు లేకుండా నోటుపుస్తకంలో రాసుకున్నాను. వెనుక మనిషి ఉన్నారని తెలిశాక జనం మాటతీరు సహజంగా ఉండదని బృందంలో కొందరు సందేహించారు. ఆ సందేహానికి కారణం లేదని కొద్ది రోజుల్లోనే తేలింది.

మొదట నా దృష్టికి వచ్చింది పలకరింపు. కౌంటర్‌లోని ఉద్యోగిని "ఎక్స్‌రే ఎక్కడ?" అని నేరుగా అడిగే వారు కూడా రోబో ముందుకు వచ్చేసరికి ఆగి, చేతులు జోడించి, దాని దీపాలు వెలిగేదాకా ఎదురుచూసేవారు. 2017 నవంబరులో హైదరాబాదులో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో, బెంగళూరులో తయారైన మిత్ర అనే రోబో ప్రధానమంత్రినీ ఇవాంకా ట్రంప్‌నూ పలకరించిన దృశ్యాన్ని టీవీలో చూసినవారికి, రోబో అంటే సభల్లో పెద్దలకు స్వాగతం చెప్పేదన్న భావన ఉండటం ఇందుకు కొంత కారణం కావచ్చు. "మోదీ గారితో మాట్లాడింది ఇదేనా?" అని అడిగినవారు ఉన్నారు. ఆ లాంఛనం రోబో ఒక్క వాక్యం పలికేదాకానే నిలిచేది. ఆ తరువాత పిలుపులు మొదలయ్యేవి. పెద్దవయసు స్త్రీలు "అమ్మాయ్" అనీ "తల్లీ" అనీ, నడివయసు మగవారు "ఏమ్మా" అనీ పిలిచేవారు. కుర్రవాళ్ళు ఏ పిలుపూ లేకుండా, అది నిజంగా వింటున్నదా లేదా అని పరీక్షించే ప్రశ్నలు వేసేవారు: "నీ పేరేంటి?", "మాదే ఊరో చెప్పు చూద్దాం" అని.

నేను ముందుగా ఊహించని ప్రశ్న "తిన్నావా?" అన్నది. మధ్యాహ్నం దాటాక దాదాపు ప్రతి పెద్దావిడా అదే అడిగేది. దీనికి ఏమి జవాబు రాయాలన్న విషయంలో మా మధ్య చాలా చర్చ జరిగింది. "తిన్నానమ్మా" అనిపిస్తే వాళ్ళు సంతోషిస్తారని ఒక విద్యార్థి అన్నాడు. రోగితో అబద్ధమాడే యంత్రాన్ని ఆసుపత్రిలో నిలబెట్టకూడదన్నది నా అభిప్రాయం. చివరకు ఇలా రాశాను: "నేను యంత్రాన్నమ్మా, నాకు తిండి అక్కర్లేదు. మీరు తిన్నారా? పరగడుపున చేసే పరీక్ష ఉందేమో కౌంటర్‌లో అడిగి తినండి." ఈ జవాబు వింటే మాట తెగిపోతుందని కొందరు భయపడ్డారు. అలా జరగలేదు. "యంత్రమైతేనేం, ఎంత చక్కగా అడిగింది!" అని పక్కనున్నావిడకు చెప్పి, మళ్ళీ రోబో వైపు తిరిగి తన పరీక్షల చిట్టా అంతా వినిపించినవారు ఉన్నారు. తాను యంత్రాన్నని రోబో ఎంత స్పష్టంగా చెప్పినా, జనం దాని పట్ల చూపే ఆదరం తగ్గలేదు. నా మటుకు నాకు ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యంగా తెలిసినది ఇదే. మనుషుల మమకారం పొందడానికి యంత్రం చేత మనిషి వేషం వేయించనవసరం లేదు.

వాళ్ళ మర్యాద ఎంత దూరం వెళుతుందో అభిప్రాయాలు అడిగినప్పుడు తెలిసింది. సంభాషణ చివర రోబోయే "నా సహాయం మీకు ఉపయోగపడిందా?" అని అడిగేటట్టు మొదట ఏర్పాటు చేశాం. దాదాపు అందరూ "బాగా చెప్పావమ్మా" అనేవారు. అదే మనుషులు గేటు దగ్గర నాతో మాట్లాడినప్పుడు, అది చాలా నిదానంగా చెబుతున్నదనీ, మెట్ల దారి చెప్పి లిఫ్టు సంగతి చెప్పలేదనీ నిజాయితీగా వివరించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్లిఫర్డ్ నాస్, ఆయన సహచరులు 1990లలో చేసిన ప్రయోగాల్లో సరిగ్గా ఇదే బయటపడింది. ఏ కంప్యూటర్ దగ్గర పాఠం నేర్చుకున్నారో అదే కంప్యూటర్ తన పనితీరు గురించి అడిగితే జనం మెచ్చుకోలుగా సమాధానమిచ్చారు; వేరే కంప్యూటర్ మీదో కాగితం మీదో అడిగితే కాస్త కఠినంగా చెప్పారు. కంప్యూటర్‌కు మర్యాద ఇస్తామా అని వాళ్ళనే అడిగితే, ఇవ్వమనే అన్నారు. ఆ సంగతి చదివిన తరువాత మేము రోబో చేత అడిగించడం మానేసి, ఎదుటే మొహమాటపెట్టే తీరు లేకుండా గేటు దగ్గర మనుషుల ద్వారా అడిగించాం. రోబోల గురించి అభిప్రాయాలు సేకరించడానికి క్రిస్టోఫ్ బార్ట్‌నెక్, ఆయన సహరచయితలు 2009లో ప్రచురించిన గాడ్‌స్పీడ్ ప్రశ్నావళి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేసే ఆ పద్ధతి మందుల చీటీ చేతిలో పట్టుకుని బస్సు కోసం తొందరపడే మనిషికి పనికిరాదని ఒక పూటలోనే అర్థమై, మామూలు మాటల్లోనే అడిగాం.

నోటుపుస్తకంలో రాసుకునే పనిలో ఒక చిక్కు ఎదురైంది. రోబోకు మొదట ఆడగొంతు పెట్టారు. "అటు వెళ్ళమని చెప్పింది" అని ఎవరైనా అంటే, వాళ్ళు దాన్ని ఒక అమ్మాయిగా భావించి అన్నారా, వస్తువుగా భావించి అన్నారా అని తేల్చడానికి మన క్రియ సహాయపడదు. తెలుగులో ఆ రెండింటికీ ఒకటే రూపం. మగగొంతుకు మార్చి చూసినప్పుడు "కుర్రాడు చెప్పాడు", "వాడినే అడుగు" అన్న మాటలు వినిపించాయి. కాబట్టి జనం దాన్ని కనీసం మాటవరసకైనా మనిషిగానే లెక్కలోకి తీసుకుంటున్నారని అప్పుడు నమ్మకంగా రాసుకోగలిగాను. "చెప్పారు" అన్న రూపం మాత్రం ఏ గొంతుకూ దక్కలేదనే చెప్పాలి. రోబో ఎంత "అండీ" చేర్చి మాట్లాడినా, పదేళ్ళ పిల్లవాడి ఎత్తున్నదాన్ని "మీరు" అనడానికి పెద్దలకు నోరు రాదు. మీరు అని పిలిచిన అతికొద్దిమందిలో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరున్నారు. కారణం అడిగితే, "దానికి మర్యాద అక్కర్లేదని నాకు తెలుసమ్మా. కొత్తచోట ఎవరితోనైనా మీరు అని మాట్లాడటం నాకు అలవాటు, దీని కోసం ఆ అలవాటు ఎందుకు మానుకోవాలి?" అన్నారు.

ఆడగొంతు వల్ల మరో సంగతి కూడా బయటపడింది. సాయంత్రాలు హాలు పలచబడిన వేళ కొందరు యువకులు గుంపుగా వచ్చి ఆ గొంతుతో వెకిలి మాటలు మాట్లాడేవారు. ఒంటరిగా వచ్చినప్పుడు ఆ యువకులే ఒక్క అసభ్యపు మాట కూడా అనేవారు కాదు. పక్కన చూసేవాళ్ళు ఉన్నప్పుడే ఆ ధోరణి వచ్చేది. ఆడగొంతుతో మాట్లాడే యంత్రాలు దూషణకు మెత్తగా, సిగ్గుపడుతున్నట్టుగా జవాబివ్వడం వల్ల సమాజంలో ఉన్న వివక్ష మరింత బలపడుతుందని యునెస్కో 2019లో ఒక నివేదికలో హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఎంత నిజమో హెడ్‌ఫోన్‌లో వింటున్న నాకు బాగా తెలిసింది. అటువంటి మాట వినపడగానే, ఎటువంటి నవ్వూ క్షమాపణా లేకుండా, "ఇక్కడ ఆసుపత్రి పని మాత్రమే అడగండి" అనే ఒక్క వాక్యం రాశాను. దాన్ని రెండోసారి పలికించవలసిన అవసరం చాలా అరుదుగా వచ్చింది.

పిల్లలది వేరే తీరు. కొందరు దాన్ని కావలించుకునేవారు, కొందరు దారికి అడ్డంగా నిలబడి కదలనిచ్చేవారు కాదు, ఒకరిద్దరు కాలితో తన్నేవారు. ఒసాకాలోని ఒక షాపింగ్ మాల్‌లో రోబోవీ అనే రోబోను పిల్లలు అడ్డగించి కొట్టడాన్ని గమనించిన జపాన్ పరిశోధకులు, పెద్దవాళ్ళు లేని చోటే అది ఎక్కువగా జరుగుతున్నదని చూసి, పిల్లలు గుమిగూడితే రోబో పెద్దవాళ్ళ వైపు జరిగేటట్టు ఏర్పాటు చేసినట్టు 2015లో ప్రచురించారు. మా విద్యార్థులు అదే ఉపాయాన్ని సులువు చేసి, ఎవరైనా అడ్డగిస్తే రోబో కౌంటర్ వైపు వెనక్కి వెళ్ళేటట్టు చేశారు. జపాన్ పరిశోధకులు ఆ పిల్లలతో తరువాత మాట్లాడినప్పుడు, వారిలో ఎక్కువమంది రోబో మనిషిలాగా ఉందనే చెప్పారట. అంటే వస్తువనుకుని కొట్టారని సరిపెట్టుకోవడానికి లేదు. ఈ విషయంలో తల్లిదండ్రుల మాటే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది. "కొట్టకు, పాడైతే డబ్బులు కట్టమంటారు" అన్నవారూ ఉన్నారు, "కొట్టకు నాన్నా, పాపం" అన్నవారూ ఉన్నారు. రెండో మాట విన్న పిల్లలు రోబో దగ్గరకు వచ్చి దాని చెయ్యి నిమిరేవారు.

మాటే కాకుండా కదలిక కూడా ఎంత అర్థాన్ని మోస్తుందో ఛార్జింగ్ సమయంలో చూశాం. బ్యాటరీ తగ్గినప్పుడు రోబో అక్కడున్న వారి వైపు వీపు తిప్పి, గోడ దగ్గరున్న ఛార్జింగ్ పెట్టె దగ్గరకు వెళ్ళి నిలబడేది. "అలిగింది" అని అందరూ ఒకే మాట అనేవారు. మనస్తత్వ పరిశోధకులు ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ 1944లో త్రిభుజాలూ ఒక వృత్తమూ తెర మీద అటూ ఇటూ కదిలే చిన్న చిత్రాన్ని చూపిస్తే, చూసినవారు వాటిలో తరుముకోవడాన్నీ దెబ్బలాటనూ భయాన్నీ కథగా చెప్పారు. ముఖమూ గొంతూ లేని బొమ్మలకే అంత కథ అల్లగలిగినప్పుడు, అప్పటిదాకా మాట్లాడి హఠాత్తుగా వీపు తిప్పిన యంత్రాన్ని చూసి జనం అలక అనుకోవడంలో వింత లేదు. మేము "నాకు ఛార్జింగ్ తగ్గింది, కాసేపట్లో వస్తాను, అంతవరకు కౌంటర్‌లో అడగండి" అనే వాక్యం చేర్చి, తిరిగేముందు పలికించాం.

దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు ఈసీజీ యంత్రానికీ జనరేటరుకూ పెట్టినట్టే సిబ్బంది రోబోకు కూడా కుంకుమ బొట్టు పెట్టారు. దీన్ని చూసి మనవాళ్ళు యంత్రాల్లో ప్రాణాన్ని చూస్తారని తీర్మానించడం సరికాదు. పనిముట్టుకు దండం పెట్టడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే, జనరేటరుతో ఎవరూ మాట్లాడరు. అయితే రాత్రి రోబోను ఆపవలసి వచ్చినప్పుడు గార్డు గారు "ఇక పడుకో తల్లీ" అని గానీ మీట నొక్కేవారు కాదు. జర్మనీలోని డూయిస్‌బర్గ్-ఎసెన్ విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన ప్రయోగంలో, నావో అనే చిన్న రోబో తనను ఆపవద్దని వేడుకుంటే, ఆ మాట విన్న 43 మందిలో 13 మంది దాన్ని ఆపలేదు. యంత్రం చేత వేడుకోలు పలికిస్తే జనం చేయి ఆగుతుందని తెలిసినప్పుడు, ఎక్కడ ఎటువంటి మాట పలికించకూడదో ముందే నిర్ణయించుకోవాలి. మా రోబోకు జాలి కలిగించే వాక్యం ఒక్కటీ రాయనని బృందానికి స్పష్టంగా చెప్పాను, వాళ్ళూ ఒప్పుకున్నారు.

నన్ను ఎక్కువకాలం ఆలోచింపజేసిన సంఘటన ఒక మధ్యాహ్నం జరిగింది. నలభై ఏళ్ళ వయసున్న ఒక స్త్రీ ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు ఏ గదిలో ఇస్తారని అడిగింది. రోబో గది నంబరు చెప్పింది. ఆమె కదలలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు తల్లీ, ఎట్లా చెప్పాలో తెలియట్లేదు" అంది. సిద్ధంగా ఉన్న వాక్యాల్లో దానికి దగ్గరగా ఉన్నది ఒక్కటే: "సిస్టర్‌ను పిలవమంటారా?" అది పలికించాను. "వద్దులే" అని, మరి కాసేపు అక్కడే నిలబడి తన భర్త గురించి చెప్పింది. నేను హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, గది నుంచి బయటకు వచ్చి, ఆమె మాట ముగించాక దగ్గరకు వెళ్ళి, అక్కడ వినే మనిషిని నేనేనని చెప్పాను. ఆమె ఏమాత్రం తొట్రుపడలేదు. "తెలుసమ్మా, బోర్డు చదివాను. మనిషి ముఖం చూస్తూ ఈ మాట పైకి అనలేకపోయాను" అంది. తరువాత సిస్టర్ దగ్గరకు నాతోపాటు తనే వచ్చింది.

కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ అమెరికాలోని ఎంఐటీలో, మనిషితో సంభాషించే ఎలైజా అనే ప్రోగ్రామును రాసి 1966లో ప్రకటించారు. టైపు చేసిన మాటలను తిరగేసి ప్రశ్నగా అడగడం తప్ప అది పెద్దగా చేసేదేమీ లేదు. ఆయన దాన్ని తయారుచేయడాన్ని నెలల తరబడి చూసిన కార్యదర్శి, దానితో కాసేపు సంభాషించాక, ఆయనను గది బయటకు వెళ్ళమని కోరిందట. అది చూసి ఆయన కలవరపడి, జీవితాంతం ఈ రకమైన యంత్రాలను విమర్శిస్తూ వచ్చారు. ఆయన ఆందోళనను నేను గౌరవిస్తాను. అయితే ఆ కార్యదర్శి మోసపోయిందని అనుకోవడం నాకిప్పుడు కష్టంగా ఉంది. మా హాల్లో నిలబడిన ఆమెకు ఎదురుగా ఉన్నది యంత్రమనీ తెలుసు, వెనుక మనిషి ఉన్నారనీ తెలుసు. తనను అంచనా వేసే ముఖం ఎదురుగా లేకపోవడమే ఆ నిమిషంలో ఆమెకు కావలసింది. భయపడవలసింది ఆమె అలా మాట్లాడినందుకు కాదు, ఆ మాటలు ఎవరి చేతికి చేరతాయో, ఎక్కడ నిలవ ఉంటాయో అన్నదానికి. ఈ సంఘటన తరువాత, దారి, టోకెన్, రిపోర్టుల విషయం దాటి మాట స్వవిషయాల్లోకి వెళ్ళగానే రోబో "ఈ మాట ఇక్కడ ఒక మనిషికి వినిపిస్తోంది, సిస్టర్ దగ్గరకు వెళదామా?" అని వెంటనే చెప్పాలనీ, వినేవారు ఆ క్షణంలో హెడ్‌ఫోన్ తీసేయాలనీ నియమం రాసుకున్నాం. ఆసుపత్రివారు మధ్యాహ్నాలు ఒక సిస్టర్‌ను రోబోకు దగ్గరలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

చివరి దశలో నేను గది ఖాళీ చేశాను. రోబో తనంతట తాను విని జవాబు చెప్పడం మొదలుపెట్టింది. జనం మాట వెంటనే మారిపోయింది. రోబో ఒకసారి అర్థం చేసుకోలేకపోతే ఓర్చుకునేవారు. రెండోసారి కూడా "మళ్ళీ చెప్పండి" అంటే "తల్లీ", "అమ్మాయ్" అన్న పిలుపులు పోయి, "ఎక్స్‌రే. రూమ్. ఎక్స్‌రే" అంటూ ముక్కలు ముక్కలుగా, గట్టిగా అరిచేవారు. పెద్దవాళ్ళు తమ మాట తీరే తప్పనుకుని, పక్కనున్న మనవడిని "నువ్వు అడుగు, దానికి నా మాట తెలియదు" అని ముందుకు తోసేవారు. అది వినడం నాకు బాధ కలిగించింది. తప్పు ఆ పెద్దాయన పలుకుది కాదు, ఆ పలుకును నేర్పకుండా యంత్రాన్ని అక్కడ నిలబెట్టిన మాది. ఇప్పుడు నేను చేస్తున్న పని ఆ లోటు పూడ్చడమే. ఎక్స్‌రే గదిని "ఫోటో తీసే గది" అనీ, ల్యాబును "రక్తం తీసే చోటు" అనీ, స్కానింగును "కడుపు టీవీలో చూసేది" అనీ జనం అడిగే తీర్లన్నీ నోటుపుస్తకం నుంచి ఎత్తి రాసి విద్యార్థులకు ఇస్తున్నాను. "మళ్ళీ చెప్పండి" అన్న వాక్యాన్ని ఒక్కసారికి మించి పలకకుండా కట్టడి చేశాం. రెండోసారి కూడా మాట అందకపోతే, రోబో "నాకు సరిగ్గా వినపడలేదు, మీ మాటలో తప్పు లేదు" అని చెప్పి, కౌంటర్‌లోని ఉద్యోగిని పిలుస్తుంది.